పన్ను తగ్గింది.. ప్లేటు ధర తగ్గాలా?

బెర్లిన్‌లో మా వీధి చివర టాకోలు అమ్మే చిన్న మెక్సికన్ హోటల్ ఉంది. భర్త వంట చేస్తాడు, భార్య గల్లాపెట్టె చూసుకుంటుంది, శని ఆదివారాల్లో కాలేజీ చదివే కొడుకు వడ్డిస్తాడు. ఉన్నవి ఐదే బల్లలు. వేడి మొక్కజొన్న రొట్టెలు, కారంగా ఉండే మిరపకాయ పచ్చడి దొరుకుతాయి కాబట్టి ఊరి నుంచి వచ్చిన మా అమ్మ కూడా అక్కడ ఇష్టంగా తింటుంది.

జర్మనీలో 2026 జనవరి 1 నుంచి హోటల్లో కూర్చుని తినే ఆహారంపై వ్యాట్ 19 నుంచి 7 శాతానికి తగ్గింది. పానీయాలపై మాత్రం 19 శాతమే. ఆ నెలలో మేం వెళ్లేసరికి బోర్డు మీద పాత ధరలే ఉన్నాయి. 'పన్ను తగ్గితే మనకేం ఒరిగింది?' అన్నాడు వెంట వచ్చిన మిత్రుడు. అడగాల్సిన ప్రశ్నే. హైదరాబాద్‌లోనూ ఇదే చూశాం. 2017 నవంబరులో ఏసీ రెస్టారెంట్లపై జీఎస్టీని 18 నుంచి 5 శాతానికి తగ్గిస్తే, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పోయిందంటూ చాలా హోటళ్లు ధరలు పెంచాయి.

ఇక్కడి లెక్క చూద్దాం. 11.90 యూరోల ప్లేటులో పాత పన్ను 1.90 యూరోలు, ఇప్పుడు సుమారు 78 సెంట్లు. అంటే ప్లేటుకు 1.12 యూరోలు యజమానికి మిగులుతాయి. అయితే అదే రోజు కనీస వేతనం కూడా గంటకు 12.82 నుంచి 13.90 యూరోలకు పెరిగింది. పైగా ఈ పన్ను నిలకడగా లేదు. కరోనా కాలంలో, 2020 జులైలో తగ్గించి, 2024 జనవరిలో మళ్లీ 19 శాతం చేశారు. ఆ రెండేళ్ల భారం చిన్న హోటళ్లపైనా పడింది.

అసలు విషయం మరొకటి. కనీస వేతన చట్టం ఉద్యోగులకే వర్తిస్తుంది, యజమానులకు కాదు. పొద్దున పిండి కలిపిన దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు తోమేదాకా ఆ దంపతులు పడే కష్టానికి గంటకు ఇంత అని రేటు లేదు. మిగిలిన యూరో ముందు చేరాల్సింది అక్కడికే.

వందల శాఖలున్న గొలుసు హోటళ్ల సంగతి వేరు. వాటికీ ఇదే రాయితీ దక్కింది. ధర తగ్గించి తీరాలన్న షరతు చట్టంలో లేదు. కాబట్టి నిలదీయాలనుకుంటే వాటినే నిలదీయాలి. ఐదు బల్లల హోటల్‌ను కాదు. రేపు మనవాళ్లెవరైనా ఇక్కడ టిఫిన్ సెంటర్ తెరిచినా వాళ్లకూ ఇదే లెక్క.

పార్శిల్‌పై అప్పటికే 7 శాతమే కావడంతో, ఆ రెండేళ్లూ మనం బల్ల దగ్గర కూర్చుంటే ఆ కుటుంబానికి మిగిలేది తగ్గేది. ఇక ఆ తేడా లేదు. వచ్చే ఆదివారం అమ్మను తీసుకుని మళ్లీ వెళ్తాం. ధర గురించి మాత్రం అడగను.