ఎడారిలో గెంతిన మనిషి

1983లో హసన్ షరీఫ్ అనే ముప్పైరెండేళ్ల ఎమిరాతీ చిత్రకారుడు హత్తా ఎడారిలో గెంతాడు. అంతే. అదే అతని కళాకృతి. నేడు మిగిలినవి కొన్ని ఫోటోలు, వాటికి తోడు పొడిపొడిగా రాసిన వివరణ. గ్యాలరీ లేదు, టికెట్టు లేదు, కొనేవాడి ప్రసక్తే లేదు. ఆ దేశానికి అప్పటికి దాదాపు పన్నెండేళ్లు.

ఇంతటి స్వేచ్ఛను ఎవరు ప్రసాదించారు? అడ్డగించేవారు లేనిచోట స్వేచ్ఛ తనంతట తానే ఉంటుందని అనుకోవడం మన సాహిత్యలోకానికి బాగా అలవాటు. ఎం.ఎఫ్. హుసేన్ ఉదంతం ఆ నమ్మకాన్ని మరింత బలపరిచింది. బద్రివిశాల్ పిట్టీ ఆదరణలో హైదరాబాదులో రామాయణ చిత్రాలు గీసిన హుసేన్, 2006లో దేశం విడిచి దుబాయిలో, లండనులో గడిపి, 2011లో లండనులోనే కన్నుమూశాడు. అతనిపై పడినది బయటి నుంచి వచ్చిన ఒత్తిడి. కుంచె ఎత్తడానికి మాత్రం అతడు ఏనాడూ జంకినట్టు కనిపించడు. షరీఫ్ కథ వేరు. అతని ఎదుట ఉన్నది కోపం కాదు, శూన్యం. ఇది కళేనా అన్న ప్రశ్నను ముందుగా తనకు తానే వేసుకోవలసిన స్థితి.

1970లలో అతడు 'అఖ్బార్ దుబాయ్' పత్రికలో వ్యంగ్యచిత్రాలు వేసేవాడు. వ్యంగ్యచిత్రకారుడికి సంశయం పనికిరాదు. గీత పడగానే పాఠకుడు నవ్వాలి. అలా చేతికి అబ్బిన విద్యను పక్కనబెట్టి, 1979లో చదువుకోసం ఇంగ్లండు వెళ్లాడు. లండనులోని బయామ్ షా కళాశాలలో 1984లో చదువు పూర్తిచేసి, షార్జాలో అల్ మరైజా కళాకేంద్రాన్ని నెలకొల్పి కుర్రవాళ్లకు నేర్పాడు. గెలిచిన దారిని వదులుకోవడానికి కావలసిన ధైర్యం గురించి మన విమర్శలో చర్చ తక్కువ. ఒక కథ పేరు తెచ్చిపెడితే దాని నీడలోనే ఇరవై కథలు రాసిన వారు మనకు కొల్లలు. వారి చేయి పట్టుకున్న ప్రభుత్వమేదీ లేదు.

షరీఫ్ తన సందేహానికి కనిపెట్టిన మందు చిత్రమైనది. 'సెమీ సిస్టమ్స్' అని పేరుపెట్టి ముందే ఒక నియమం రాసుకునేవాడు: ఇన్ని గళ్లు, ఇన్ని గీతలు, ఈ వరుస. ఆపై ఆ లెక్క ప్రకారం చేయి నడవాలి. ప్రేరణ కోసం ఎదురుచూపు అక్కరలేదు. బాగుందా లేదా అన్న తీర్పు పని ముగిసేదాకా వాయిదా. అయితే చేతితో చేసే పని గనుక లెక్క తప్పుతుంది. ఆ తప్పును అతడు చెరపలేదు, కావాలనే ఉండనిచ్చాడు. స్వేచ్ఛ ఆ తప్పులో ఉంది. ఛందస్సులో రాసిన వారికి ఈ రహస్యం కొత్తదేమీ కాదు.

తరువాతి కాలపు పనులు మరీ మొండివి. బజారులో దొరికే చవక సరుకు, అంటే అట్టపెట్టెలు, కొబ్బరిపీచు తాళ్లు, ఇనుప తీగ, ప్లాస్టిక్ వస్తువులు తెచ్చి, కత్తిరించి, కట్టి, ముడివేసి, గుట్టలు పోశాడు. ఉదయాన్నే మగ్గం ఎక్కే నేతగాడి ఓపిక అది. అవన్నీ గొప్పవని చెప్పలేం. కొన్ని గుట్టలు గుట్టలుగానే మిగిలిపోయాయి. అలవాటైన పని సందేహాన్ని తీర్చదు, ఒక్కోసారి దాచిపెడుతుంది కూడా. కేథరిన్ డేవిడ్ సంపాదకత్వంలో 2011లో వచ్చిన అతని కృతుల గ్రంథంలో ఈ ఎగుడుదిగుళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

కానీ 2009 నాటి 'చెప్పులు, తీగ' చూసినవారు అంత తేలికగా దాటిపోలేరు. రంగురంగుల రబ్బరు చెప్పులను తీగతో గుదిగుచ్చిన రాశి. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో గల్ఫుకు వెళ్లిన మనిషి గది గుమ్మం ముందు విడిచే చెప్పులు సరిగ్గా అలాంటివే. షరీఫ్ వారి గురించి చెప్పాలనుకున్నాడో లేదో ఆ పని చెప్పదు. చెప్పితీరాలన్న తొందర లేకపోవడం వల్లనే వారు అందులోకి రాగలిగారు.

2016 సెప్టెంబరులో అతడు మరణించాడు. మరుసటి సంవత్సరం షార్జాలో జరిగిన పెద్ద ప్రదర్శనకు 'నేను ఒకే కృతి కళాకారుణ్ణి' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. దశాబ్దాల పనిని ఒక్కచోట పరిచిన ఆ ప్రదర్శనలో తొలినాటి వ్యంగ్యచిత్రాలకూ చోటు దక్కింది.