కంపనం చెప్పే కబురు

సూరత్‌లో తపతీ నదికి ఉత్తరాన ఉన్న అమ్రోలిలో మరమగ్గాల షెడ్లు అనేకం. తెలంగాణ నుంచి వలసవెళ్ళిన పద్మశాలీలకు ఆ నగరం తరతరాలుగా పరిచయం. ఎన్నో మగ్గాల రొదలో ఒక్క బేరింగు స్వరం మారినా అనుభవజ్ఞుడైన పనివాడు పసిగట్టగలడు. పాత స్పోర్ట్స్ కారు వణుకుకు కారణం వెదికేవారికి కావలసింది కూడా ఆ చెవే. దానికి తోడు కొంచెం గుణకారం.

1962 నుంచి 1980 వరకు తయారైన బ్రిటిష్ కారు ఎం.జి.బి.ని తీసుకుందాం. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో దాని చక్రం సెకనుకు సుమారు 13 సార్లు తిరుగుతుంది. వెనుక ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తి దాదాపు 3.9 కావడంతో ప్రొపెల్లర్ షాఫ్టు 51 సార్లు తిరగక తప్పదు. కనుక స్టీరింగు చేతిలో ముతకగా ఊగితే అనుమానించవలసింది చక్రాన్ని. సీటు కింద నుంచి తుమ్మెద ఝంకారం వంటి అదురు వస్తే షాఫ్టును.

ఇక్కడొక చిక్కు. టాప్ గేరులో ఇంజను, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. దోషి ఎవరో తేలదు. ఖాళీ రోడ్డుపై గేరును న్యూట్రల్‌లోకి తెస్తే ఇంజను నెమ్మదిస్తుంది, షాఫ్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వణుకు నిలిచి ఉంటే వెనుక భాగాన్ని చూడాలి. ఆగితే ఇంజను, క్లచ్చి వైపు. బరువు లాగేటప్పుడు మాత్రమే వణికే కీళ్ళూ ఉంటాయి గనుక ఇది తుది తీర్పు కాదు.

యూనివర్సల్ జాయింటులోని సూది బేరింగులు గ్రీజు లేక ఎండితే ఎర్రని తుప్పుపొడి రాలుతుంది. క్లచ్చి వదిలినప్పుడు ఠక్కుమంటుంది. ఉపేక్షించదగిన శబ్దం కాదది: ముందు కీలు విరిగితే, పరుగులో ఉన్న కారు కింద షాఫ్టు కొన రోడ్డును తాకుతుంది. కొత్త జాయింటు వేసిన తర్వాతనే వణుకు మొదలయ్యే సందర్భాలూ లేకపోలేదు. షాఫ్టు రెండు కొనల యోకులు ఒకే వరుసలో లేనప్పుడు, ఒక కీలు పుట్టించే వేగపు హెచ్చుతగ్గులను రెండవది రద్దు చేయలేదు. విప్పేముందు సుద్దముక్కతో ఒక గీత గీయడానికి అయ్యే ఖర్చెంత?

చక్రపు బేరింగు రొద మలుపుల్లో బయటపడుతుంది. కారు ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడివైపు పడుతుంది. రొద అప్పుడు హెచ్చితే కుడి బేరింగును విప్పి చూడాలి. కదలక పడివున్న కారుకు బేరింగులు అరగవనుకోవడం భ్రమ. 1930లలో అమెరికాలో రైళ్ళపై పంపిన కొత్త కార్ల చక్రాల బేరింగులు రోడ్డు ఎక్కకముందే దెబ్బతిన్నాయి. తిరగని గోళీల కింద నుంచి చిన్న అదురుకే గ్రీజు తొలగి, లోహం లోహాన్ని ఒరుసుకుని గుంటలు పడ్డాయి. ఏళ్ళ తరబడి గుడ్డ కప్పి దాచి, ఆపైన లారీ ఎక్కించి ఊరు మార్చిన పాత కార్లకూ అదే గతి పట్టవచ్చు. అటువంటి బేరింగుకు ఎంత గ్రీజు పెట్టినా రొద పోదు, మార్చవలసిందే.