నొప్పి తగ్గింది, మరి నెమ్మది?

ఒక దృశ్యాన్ని ఊహించుకుందాం. తుంటి ఎముక విరిగి, శస్త్రచికిత్స చేయించుకున్న ఒక దాదీ ఆసుపత్రి మంచంపై ఉన్నారు. అది మూడవ రోజు. జ్వరం లేదు. గాయం శుభ్రంగా ఉంది. నొప్పికి వేళ తప్పకుండా సూదిమందు అందుతోంది. అయినా సాయంకాలమయ్యేసరికి ఆమె అశాంతికి లోనవుతారు. అన్నం వద్దంటారు, ఎవరితోనూ మాట్లాడరు. కొడుకు నొప్పి మందు పెంచమంటాడు, కోడలు నిద్రమాత్ర ఇమ్మంటుంది. రాత్రి విధులకు వచ్చిన నర్సు మంచం పక్కన కూర్చుని, "ఏం కష్టంగా ఉందమ్మా? నాతో చెప్పండి" అని అడుగుతుంది. దాదీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "మూడు రోజులుగా నమాజు లేదు బిడ్డా. మూత్రపు గొట్టం పెట్టారు, ఒళ్లు పాక్‌గా లేదు. మగపిల్లలు వచ్చి దుప్పటి తీస్తున్నారు. ఈ మాట కొడుకుతో ఎలా చెప్పను?"

ఆమెను ఆ సాయంకాలాలలో బాధించినది తుంటి ఎముక కాదు. నొప్పి తగ్గడం వేరు, నెమ్మదిగా ఉండడం వేరు.

ఈ తేడాను నర్సింగ్ విద్యలో ఒక సిద్ధాంతంగా నిలిపిన వ్యక్తి కాథరిన్ కొల్కాబా. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఈ నర్సు, మతిమరుపు వ్యాధికి గురైన వృద్ధులకు సేవ చేసిన అనుభవంతో, రోగికి సాంత్వన అంటే ఏమిటన్న ప్రశ్నను చేపట్టారు. 1990వ దశకంలో తన పరిశోధన వ్యాసాల ద్వారా సాంత్వన సిద్ధాంతాన్ని రూపొందించి, 2003లో దానిని గ్రంథంగా వెలువరించారు. రోగిని వ్యాధిగ్రస్తమైన అవయవంగా కాక, సంపూర్ణ మానవునిగా చూడాలన్నది ఆ సిద్ధాంతపు మూలసూత్రం.

ఆమె దృష్టిలో సాంత్వనకు మూడు స్థాయిలున్నాయి. మొదటిది ఊరట: ఉన్న బాధ తీరడం. రెండవది నెమ్మది: ఆందోళన లేని ప్రశాంత స్థితి. మూడవది నిబ్బరం: బాధ పూర్తిగా తొలగకపోయినా, దానికి పైన నిలబడగల బలం. ఈ మూడింటినీ నాలుగు రంగాలలో పరిశీలించాలి. శరీరం ఒకటి. మనసు, ఆత్మ కలిసి ఒకటి. గాలి, వెలుతురు, శబ్దం వంటి పరిసరాలు ఒకటి. కుటుంబం, ఆచారాలు, ఖర్చుల చింత వంటి సామాజిక విషయాలు ఒకటి. మూడు స్థాయిలు, నాలుగు రంగాలు కలిసి పన్నెండు గడుల పట్టిక అవుతుంది. ఏ గడి ఖాళీగా ఉందో నర్సు వెతకాలి.

మన దాదీ విషయంలో ఒక్క గడి మాత్రమే నిండింది: శరీరానికి ఊరట. మిగిలినవి నింపడానికి ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు. ఒళ్లు తుడవడానికి, దుప్పటి మార్చడానికి మహిళా సిబ్బందిని పంపమని కోరవచ్చు. మంచం చుట్టూ తెర లాగవచ్చు. ఖిబ్లా ఏ వైపో చెప్పవచ్చు. నీరు తగలకూడని రోగికి తయమ్ముమ్ సౌలభ్యం ఉంది. దానిని అనుమతించిన అల్‌మాయిదా సూరా 6వ ఆయతే, మనలను ఇబ్బంది పెట్టడం అల్లాహ్ ఉద్దేశం కాదని కూడా తెలుపుతోంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) బోధించారు. మూత్రపు గొట్టం ఉన్నవారిని ధర్మశాస్త్రవేత్తలు నిస్సహాయుల కోవలో చేర్చి సడలింపు చూపారు. వివరాలు తెలిసిన ఆలింను కొడుకు ఫోనులో అడిగి తల్లికి చెబితే చాలు, ఆమె గుండెబరువు సగం దిగుతుంది.

ఈ దృష్టి మనకు కొత్తది కాదు. హిజ్రీ 5వ సంవత్సరం ఖందక్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. దగ్గరగా ఉండి పరామర్శించేందుకు వీలుగా దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదులోనే గుడారం వేయించారు. క్షతగాత్రులకు సేవ చేసే రుఫైదా (రజి) అనే మహిళ ఆయనకు వైద్యం చేశారు. ప్రవక్త (స) సాయంత్రం అటు వెళితే సాయంత్రం ఎలా ఉన్నావని, ఉదయం వెళితే ఉదయం ఎలా ఉన్నావని అడిగేవారు. సాద్ (రజి) తన పరిస్థితి చెప్పేవారు. గాయానికి చికిత్స ఉంది, ఆత్మకు మస్జిదు సాన్నిధ్యం ఉంది, మనసుకు ఆత్మీయుని పలకరింపు ఉంది. అన్నిటికీ మించి, రోగిని అడిగి, ఆయన చెప్పేది వినడం ఉంది.

మన ఆసుపత్రులలో రోగి పక్కనుండే ఇంటివారే సగం నర్సు పని చేస్తారు. కనుక ఈ పాఠం ముందుగా మనకే. రోజుకు రెండుసార్లు రోగిని ఒంటరిగా, తీరిగ్గా అడగండి: ఎక్కడ నొప్పి? దేనికి భయం? గదిలో ఏది ఇబ్బంది? ఎవరిని చూడాలని ఉంది? స్త్రీలను స్త్రీలే, వీలైతే కూతురో కోడలో, అడగాలి. చెప్పిన దానిని డాక్టరుకు, నర్సుకు చేరవేయాలి. పరామర్శకు వెళ్లినప్పుడు గుంపుగా మంచం చుట్టూ చేరి, ఫలానావారు ఇదే జబ్బుతో పోయారని చెప్పడం సేవ కాదు. దైవప్రవక్త (స) రోగి వద్దకు వెళ్లినప్పుడు, పర్వాలేదని, అల్లాహ్ తలిస్తే ఇది పాపాలను కడిగే బాధ అని ధైర్యం చెప్పేవారు. నిబ్బరం అనే మూడవ స్థాయికి దారి అదే. దుఆ చేస్తున్నామని మందు మానరాదు. చికిత్స పొందమని ఆదేశించినది కూడా ఆయనే.

చివరగా ఒక మాట. హజ్రత్ సాద్ (రజి) గాయం నయం కాలేదు. అది తిరిగి తెరుచుకుని, ఆయన ఆ గుడారంలోనే కన్నుమూశారు. అయినా ఆ సేవ వ్యర్థమైందని ఏ విశ్వాసీ అనుకోడు. కొల్కాబా సిద్ధాంతం కూడా, కోలుకోవడంతోపాటు ప్రశాంతమైన మరణాన్ని సైతం మంచి సేవకు ఫలితంగానే లెక్కిస్తుంది. "ఇక చేయగలిగిందేమీ లేదు" అని డాక్టరు చెప్పిన తర్వాత కూడా పన్నెండు గడులలో నింపవలసినవి మిగిలే ఉంటాయి. తడారిన పెదవులకు నీళ్లు, పట్టుకోవడానికి ఒక చేయి, చెవి దగ్గర మృదువుగా కలిమా.

మన ఇళ్లలోని రోగులకు అల్లాహ్ స్వస్థతను, వారికి సేవ చేసే చేతులకు సహనాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.