మన్నులోని కర్బనము: కాటా యెవరి చేతిలో?

పంటపొలము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, కొంతభాగమును వేళ్ల మూలమున నేలలో కర్బనముగా నిలువజేయును. ఈ నిలువకు వెలగట్టి రైతునకు సొమ్మిత్తుమను కంపెనీలు నేడు బయలుదేరినవి. కేంద్ర ప్రభుత్వము 2023లో కర్బన పత్రముల క్రయవిక్రయ విధానమును ప్రకటించినది; 2024 జనవరిలో వ్యవసాయ మంత్రిత్వశాఖవారు సేద్యమునకు సంబంధించిన నియమావళిని వెలువరించిరి. బజారు సిద్ధమగుచున్నది. కాటా యెవరిచేతిలో నుండునన్న సంగతిని మాత్రము మనవారు విచారింపలేదు. అనకాపల్లి మార్కెట్టునకు బెల్లము తోలిన రైతునకు ఈ ప్రశ్న యెంతటిదో మేము చెప్పనక్కరలేదు.

ముందు లెక్క చూతము. ఎకరము నేలలో ఒక యడుగు లోతు మన్ను సుమారు 1,700 టన్నులు తూగును. అందు కర్బనము నూటికి అరపాలు ఉన్నదనుకొన్నచో ఎనిమిదిన్నర టన్నులు. పచ్చిరొట్ట వేసియు, చెరకు ఆకును తగులబెట్టక నేలపై పరచియు రైతు ఏటికి 200 కిలోలు చేర్చెననుకొందము. అది యా మన్నులో నూటికి 0.012 పాలు మాత్రమే. ఒకే మడిలో గట్టుదాపున తీసిన మన్నునకును, నడుమ తీసిన మన్నునకును గల భేదము ఇంతకంటె పెక్కురెట్లుండవచ్చును. కావున ఒక్కయేటి పెరుగుదలను నమ్మకముగా చూపుట దుర్లభము. కొన్ని సంవత్సరములకొకమారు అదేచోట, అదేలోతున పెక్కు నమూనాలు తీసి, నిర్ణీత పరిమాణపు మన్ను ఎంత తూగునో గూడ చూచినగాని నిజము తేలదు. కర్బనము టన్నొకటి వాయురూపమున 3.67 టన్నులుగా పద్దునకెక్కును గనుక, కొలతలోని తప్పును అన్నిరెట్లు పెరుగును.

ఉపగ్రహములున్నవి కదా యందురు. ఉపగ్రహము పైరు పచ్చదనమును, దున్నిన పొలపు రంగును చూచును. అడుగు లోతున నున్నదానిని చూడదు. నేలపై తీసిన నమూనాలతో పోల్చి గణితముచే ఊహించును. రేగడి నేలల నమూనాలతో దిద్దిన గణితమును నక్కపల్లి మండలమందలి రాజయ్యపేట వంటి సముద్రతీర గ్రామముపై ప్రయోగించిన నేమగును? ఇసుకపాలు హెచ్చైన నేల కర్బనమును అంతగా పట్టియుంచదు. అట్టిచోట కొబ్బరి, జీడిమామిడి తోటలున్నచో నిలువలో గొప్పభాగము మ్రానులలోనే యుండును. పరారుణ కాంతిచే మన్నును పరీక్షించు పరికరములును వచ్చినవి. అవి చౌక, శీఘ్రము. వానికిని స్థానికపు మన్నుతో పరిచయము కావలయును.

2015లో ఆరంభమైన భూసార పత్రములలో సేంద్రియ కర్బనము చేరియున్నది. మంచిదే. కాని తడిభూములలో రెండున్నర హెక్టార్లకు, మెట్టలో పది హెక్టార్లకు ఒక్కొక్క నమూనా యని నియమము. ఆ పాతిక యెకరముల మెట్టలో ఎకరము గలవాడు తన పత్రమున చదువుకొనునది పొరుగువాని మన్నే కావచ్చును! ఎరువు మోతాదునకది చాలునేమో. సొమ్ము చేతులు మారుచోట చాలదు.

రైతు సాధికార సంస్థవారు 2016 నుండి నడుపుచున్న ప్రకృతి సేద్యమునకు 2024లో గుల్బెంకియన్ బహుమతి లభించినది. నేలశాస్త్రజ్ఞులు రతన్ లాల్ గారును, ఈజిప్టునందలి సెకెమ్ సంస్థయు సహభాగులు. తొలకరికి ముందే నవధాన్యములు చల్లు ఆ రైతుల పొలములలోనే స్థిరమైన గురుతులుంచి కొలతలారంభింపవలయును. ఇంగ్లండునందు రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1843లో మొదలిడిన గోధుమ మడుల మన్నును దాచుచు వచ్చుటచేతనే నేటివారు తరతరముల మార్పును చదువగలుగుచున్నారు. నూరేండ్లు దాటిన అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానము ఇట్టి పనికి తగినది కాదా?

భూస్వాములకు రుచింపని మాట యొకటి గలదు. నేలలో కర్బనము పెరుగుటకు ఏండ్లు పట్టును. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము క్రింద కౌలుదారునకు దొరకు ఒడంబడిక పదునొకండు నెలలది. ఎరువు మోసినవాడొకడు, పైకము పుచ్చుకొనువాడొకడు అగునా? మా చదువరులలో పట్టణములందుండి పొలము కౌలుకిచ్చినవారు గలరు. కంపెనీ పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందే వారు కౌలుదారుని వంతును వ్రాతలో పెట్టవలయును. తీసిన ప్రతి నమూనాను రెండుగా పంచి, ఒకటి ముద్రవేసి గ్రామపు రైతు సేవా కేంద్రమున నుంచవలయును; తగవు వచ్చిననాడు దానిని ప్రభుత్వ ప్రయోగశాలలో తిరిగి పరీక్షింపించుకొను హక్కు రైతునకుండవలయును. ఈ షరతు లేని పత్రమును త్రిప్పి పంపుడు.