ఇంజనీరింగు మానేసినవాడి పియానో, మా అమ్మమ్మ పాట

గోథెన్‌బర్గ్‌లో ఆన్‌సైటు అనగానే మావాళ్ళంతా "అబ్బో, యూరప్!" అన్నారు గానీ, నవంబరులో మధ్యాహ్నం నాలుక్కే చీకటి పడిపోతుందని ఒక్కడూ చెప్పలేదు. ఆఫీసు, ఇల్లు, రైస్ కుక్కరు, మళ్ళీ ఆఫీసు. అలాంటి ఒక శుక్రవారం మా టీములో టెస్టింగు చూసే స్వీడిష్ పెద్దాయన భోజనానికి పిలిచాడు. భోజనం సంగతి వదిలెయ్యండి, ఉప్పూ లేదు, కారమూ లేదు :) తిన్నాక అలమరలోంచి ఒక పాత ఎల్పీ తీసి పెట్టాడు. "మా నాన్నది. అప్పట్లో మా వీధిలో అందరిళ్ళల్లోనూ ఉండేది" అన్నాడు.

యాన్ యోహాన్సన్ రికార్డది. పేరు 'జాజ్ పో స్వెన్స్కా', అంటే స్వీడిష్‌లో జాజ్. 1964లో వచ్చింది. ఉన్నవి రెండే వాయిద్యాలు: ఇతని పియానో, యేఓర్గ్ రీడెల్ బాస్. డ్రమ్ములు లేవు, పాడేవాళ్ళు లేరు. పన్నెండు స్వీడిష్ జానపద బాణీలు, అంతే. స్వీడన్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన జాజ్ రికార్డు ఇదేనట, రెండున్నర లక్షల కాపీలకి పైనే.

జాజ్ అంటే సాక్సాఫోను గోల అనుకునేవాణ్ణి నేను. మొదటి పాట మొదలయ్యాక కాసేపు ఏమీ జరగట్లేదే అనిపించింది. ఊటన్‌మీరా అనే పల్లె పాట అది. బాణీని ఎంత నెమ్మదిగా వాయిస్తాడంటే, ఒక్కో స్వరం మోగి, చల్లారి, అప్పుడు గానీ రెండోది రాదు. పిల్లాడు ఒంటివేలితో వాయించినట్టే ఉంటుంది. పాట మొత్తం ఒకసారి మర్యాదగా చెప్పేశాకే కాస్త పక్కకి జరిగి తన మాట కలుపుతాడు. కింద బాస్, "ఊఁ, తర్వాత?" అన్నట్టు ఊఁ కొడుతూ ఉంటుంది. మన దగ్గర ఫ్యూజన్ పేరుతో జానపదానికి గిటారు, డ్రమ్ము, ఇంకో రెండు కీబోర్డులు కలిపి అసలు పాటని వెతుక్కోవాల్సిన పరిస్థితి తెస్తారు కదా, ఇక్కడ వ్యవహారం పూర్తిగా తిరగబడింది.

ఇదంతా తియ్యటి డిన్నర్ సంగీతం అనేవాళ్ళూ ఉన్నారు. కొంత నిజమే. పన్నెండూ వరసగా వింటే ఏడో ఎనిమిదో పాటకి నాకూ కళ్ళు మూతలు పడతాయి. 1967లో ఇదే పద్ధతిలో రష్యన్ బాణీలతో చేసిన రికార్డు నాకు అంతగా ఎక్కలేదు కూడా. కానీ ఆ మొదటి పాట మాత్రం, అర్ధరాత్రి బిల్డు నడుస్తున్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

ఇక అసలు విషయం. ఈ యోహాన్సన్ మనవాడే! అదే గోథెన్‌బర్గ్‌లో, చాల్మర్స్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివేవాడు. నేను రోజూ ట్రాములో దాటే స్టాపు అది. మధ్యలో చదువు మానేసి జాజ్‌లోకి దూకాడు, స్టాన్ గెట్జ్‌తో వాయించాడు. పిల్లల సీరియల్ పిప్పీ లాంగ్‌స్టాకింగ్ టైటిల్ పాట బాణీ కూడా ఇతనిదే. 1968 నవంబరులో, కచేరీకి వెళ్తూ కారు ప్రమాదంలో పోయాడు. ముప్ఫై ఏడేళ్ళు. కొడుకులిద్దరూ పెద్దయ్యి హెవీ మెటల్ వాయించారు (వంశం!), అయినా సొంత లేబుల్ పెట్టి నాన్న రికార్డులు మాయమైపోకుండా చూసుకున్నారు.

మన గ్రూపుల్లో పడితే దీన్ని వెంటనే నీతికథ చేసేస్తారు. ఉద్యోగం మానెయ్, కల వెంట పరిగెత్తు అని. ఈఎంఐ ఎవడు కడతాడో చెప్పరు. నాకు నచ్చిన మనిషి ఈ కథలో ఇంకొకాయన. ఉద్యోగం మానలేదు.

యోహాన్సన్‌కి ఆ బాణీలు ఎక్కడివి? 'స్వెన్స్కా లోటర్' అనే సంకలనం నుంచి. దాని వెనక ఉన్నది నిల్స్ ఆండెర్సన్ అనే న్యాయశాఖ ఉద్యోగి. పగలు కోర్టు కాగితాలు, సెలవులొస్తే పల్లెలు. ముసలి ఫిడేలు వాద్యగాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు వాయించింది వాయించినట్టు స్వరాలు రాసుకునేవాడు. ఆయన 1921లో పోతే, ఓలోఫ్ ఆండెర్సన్ అనే ఆయన అందుకున్నాడు. 1922 నుంచి 1940 దాకా 24 సంపుటాలు, దాదాపు 8,000 బాణీలు. అదుండబట్టే ఇంకో పాతికేళ్ళకి ఒక పియానో కుర్రాడు పేజీ తిప్పి, "ఇది బావుంది" అనుకోగలిగాడు.

ఆ రాత్రి పెద్దాయన అడిగాడు, మీ ఊళ్ళో పాటలెలా ఉంటాయని. నా ఫోనులో మా అమ్మమ్మ పాడిన నాట్ల పాట ఒకటుంది, రెండేళ్ళ కిందట దివిసీమలో మా పెరట్లో తీసింది. మధ్యలో కోడి అరుస్తుంది, మా మావయ్య "మోటారు ఆపారా?" అంటాడు. ఆయన రెండుసార్లు విని, "ఇది ఎవరైనా రాసిపెట్టారా?" అన్నాడు. ఓ, మాకు బిరుదురాజు రామరాజు గారున్నారు, నేదునూరి గంగాధరం గారున్నారు, జానపద గేయాల పుస్తకాలున్నాయి అన్నాను గర్వంగా. "సరే, బాణీ?"

నా దగ్గర జవాబు లేదు. నేను చూసిన పుస్తకాలన్నిట్లో మాటలే ఉన్నాయి. చక్కటి మాటలు, పీఠికలు, అర్థాలు అన్నీ. ఎలా పాడాలో మాత్రం పాడినవాళ్ళ గొంతులోనే ఉండిపోయింది. సినిమావాళ్ళు జానపదాన్ని పాడుచేశారని మనం రోజూ తిట్టుకుంటాం గానీ, వాళ్ళు పాడుచెయ్యడానికైనా బాణీ ఉండాలి కదండీ!

కాగితం మీద పెడితే జానపదం చచ్చిపోతుందని ఒక వాదన ఉంది. మా ఫ్రెండొకడు గంటసేపు వాదించాడు. కావచ్చు. కానీ ఊటన్‌మీరా పాట కాగితం మీద నలభై ఏళ్ళో ఎంతో పడుకుని మళ్ళీ లేచింది. పాడే మనిషి పోయాక గొంతులో పాట అలా పడుకోలేదు.

అమ్మమ్మకిప్పుడు ఎనభై నాలుగు. ఆదివారం ఫోను చేసి పాడించుకుంటున్నాను, ఆయాసం వస్తే ఆపేస్తుంది. చిన్నప్పుడు ఏడాదిన్నర నేర్చుకుని వదిలేసిన వయొలిన్ జ్ఞానంతో సరిగమలు రాస్తున్నాను. మూడో లైను మాత్రం రెండుసార్లు ఒకేలా రావట్లేదు. అడిగితే, "ఒక్కోసారి ఒక్కోలా వస్తదిరా, దానికేముంది, రెండూ రాసుకో" అంది. జనవరికి టికెట్టు బుక్ చేశాను. ఆవిడకి తెలిసినవి ఇంకో పాతిక దాకా ఉన్నాయట.