గృహక్రేతల గోడు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అనిరి పెద్దలు. నేటి పట్టణవాసికి ఇల్లు కట్టనక్కఱయు లేదు. కొని చూచిన చాలును. జీతములో మిగిల్చినదియు, ఊరిలో పొలమమ్మినదియు, బ్యాంకులో అప్పు తెచ్చినదియు ఒక్కచోట జేర్చి నిర్మాత చేతిలో బోసి, గడువు దాటి యేండ్లు గడచినను పునాదిగుంటనే చూచుచు, ఇంటియద్దెయు అప్పు వాయిదాయు ఏకకాలమున చెల్లించుకొనుచున్న సంసారులు మన పట్టణములలో నెందఱో యున్నారు. వీరికి చట్టమేమి యిచ్చినది? ఇచ్చినది చేతికేల యందకున్నది?

చట్టము చాలదని మేము చెప్పజాలము. గృహనిర్మాణమును సేవయే యనియు, అందలి లోపమునకు పరిహారము కోరవచ్చుననియు 1993లోనే సుప్రీంకోర్టు లక్నో అభివృద్ధి సంస్థ వ్యాజ్యములో తీర్పు చెప్పినది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము ఇంకను ముందునకు బోయినది. దాని 18వ సెక్షను ననుసరించి, గడువునకు ఇల్లప్పగింపని నిర్మాతనుండి క్రేత తన సొమ్మును వడ్డీతో మరల గోరవచ్చును; ఇల్లే కావలెనన్నచో, ఆలస్యమైన ప్రతి నెలకును వడ్డీ గోరవచ్చును. స్థలముపై నిర్మాత హక్కులో దోషముండి నష్టము గలిగినచో, ఆ పరిహారమునకు కాలపరిమితి యడ్డురాదు. ఇల్లప్పగించిన ఐదేండ్లలో కట్టడమున లోపము బయటపడి తెలియజేసినచో, ముప్పది దినములలో నిర్మాత తన ఖర్చుతోనే సరిచేయవలెను. ఈ చట్టమున్నంతమాత్రమున వినియోగదారుల కమిషను తలుపులు మూసికొనవని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది.

మఱి లోపమెచ్చట? తీర్పు వెలువడిన పిమ్మట. నిర్మాత చెల్లింపనిచో ఆ మొత్తమును భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవలెనని 40వ సెక్షను చెప్పుచున్నది. వడ్డీయే కాదు, అసలును ఇట్లే రాబట్టవచ్చునని సుప్రీంకోర్టు 2021 నవంబరు 11న తేల్చినది. కాని వసూలు పత్రము కలెక్టరు కచ్చేరి చేరిన పిదప దస్త్రముల నడుమ నిద్రించుచున్నదను మొఱ పలుచోట్ల వినవచ్చుచున్నది. శిస్తు చెల్లింపలేని రైతు గొడ్డుగోదను జప్తు చేసి, టముకు వేయించి, వేలమువేసిన చరిత్ర పరప్రభుత్వమునాటి రెవిన్యూ శాఖకు గలదు. పేదవానిపై నంత చుఱుకుగా నడచిన యంత్రము మేడలు గట్టువాని గడపయొద్ద కుంటుపడుట స్వరాజ్యమునకు శోభగాదు.

మహారాష్ట్రమున ముంబయి ఉపనగర, పుణె జిల్లాల కలెక్టరు కచ్చేరులలో ఈ వసూళ్లకొఱకే విశ్రాంత రెవిన్యూ ఉద్యోగులను నియమించిరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు ప్రతి జిల్లాయందును ఇందుకై ఒక అధికారిని బాధ్యుని జేసి, వచ్చిన పత్రములెన్ని, వసూలైన సొమ్మెంత యని నెలనెలా ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. లెక్క బయటబడినగాని జాగు తఱుగదు.

క్రేతలకును ఒకమాట. చట్టమడిగిన రిజిష్టరు సంఖ్య లేనిదే ప్రకటించిన కట్టడమునకు, ధర చౌకయని చెప్పినను, కాసైన ఈయవలదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము రిజిష్టరు కానిదే ధరలో పదింట నొకవంతుకు మించి పుచ్చుకొనుట నిర్మాతకు నిషిద్ధము. ప్రతి రసీదును భద్రపఱచుకొనుడు. వినియోగదారుల కమిషనుకు బోవువారు హేతువు పుట్టిన రెండేండ్లలోపల పోవలెను. నిర్మాత తీపిమాటలు ఆ గడువును పెంచవు. ఒకే కట్టడములో మోసపోయినవారు వేర్వేఱుగ వగచుటకన్న కూడి నడచుట మేలు.

తీర్పు పొందిన వాడు కచ్చేరుల చుట్టు తిరుగుచుండగా, ఓడినవాడు మఱియొక కట్టడమునకు శంకుస్థాపన చేయుచుండినంతకాలము ఆ తీర్పు న్యాయమనిపించుకొనదు. సొమ్ము క్రేత చేతబడిననాడే చట్టము తన మాట నిలుపుకొన్నట్లు.