బీప్ వస్తే వైరు బాగున్నట్టేనా?

బోధన్ నుంచి కందకుర్తి సంగమానికి వెళ్తుంటే గతుకు తగిలినప్పుడల్లా బండి ఆగిపోయేది, కాసేపటికి దానంతటదే అందుకునేది. షెడ్డుకి తీసుకెళ్తే 'సీడీఐ మార్చాలి' అన్నారు. తర్వాత కాయిల్, ఆపైన బ్యాటరీ. ఇది రిపేరా, లాటరీయా? నాకు ఒళ్ళు మండింది. అయినా మనమేం తక్కువ లెండి, బగ్ దొరక్కపోతే సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ మూసేస్తాం!

మల్టీమీటర్ బీప్‌ని మాత్రం నమ్మకండి బాబూ. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. కరెంటు గట్టిగా లాగినప్పుడే వోల్టేజీ పడిపోతుంది. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య కొలవండి. అర వోల్టు దాటిందా, ముందు ఎర్త్ బోల్టు విప్పి గీకండి. తర్వాత స్టాండు వేసి, ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. ఆగితే తాళం దగ్గర్నుంచి వచ్చే వైర్లే విప్పి చూడాలి. ఇవి చూడకుండా సీడీఐ అంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి.